ఓడిన జట్టునకు నాయకుని మార్చవలెనా?

ఆటల ప్రసంగము మన పత్రికలో నేమిటికని సోదరీమణులు కొందఱు శంకింపవచ్చును. అందును, మన దేశమున నంతగ నాడని బేసుబాలను నాటను గూర్చి వ్రాయుట మఱింత వింతగ దోపవచ్చును. కాని యీ యాటను బట్టి అమెరికాలో నేటేట నొక తగవు పుట్టుచుండును. అది మైదానముతో ముగియునది కాదు. ఒక యింట గాని, ఒక పాఠశాలలో గాని, ఒక సంఘమున గాని పనులు చెడిపోయినపుడు పెద్దగ నున్నవారిని తొలగించినచో బాగుపడునా, లేక తొలగించినవారి కసి మాత్రము తీఱునా యనునదే యా తగవు. అదియునుగాక న్యూజెర్సీలోను, టెక్సాసులోను స్థిరపడిన తెలుగు కుటుంబములు నేడు పెక్కు గలవు. అచ్చటి బడులలో జదువు మనుమలు సెలవులకు వచ్చి యీ యాట ముచ్చట లెత్తినపుడు అమ్మమ్మలు తెల్లబోవ నక్కఱలేకుండ కొంత తెలిసియుండుట మేలు.

క్రికెట్టు తెలిసినవారికి బేసుబాలు దాయాది వంటిది. ఒక్కొక్క పక్షమున తొమ్మండుగురు. ఒకడు బంతి విసరును. ఎదిరి పక్షమువాడు గుండ్రని కఱ్ఱతో దానిని గొట్టి, నాలుగు మజిలీలు చుట్టి వచ్చెనా, అది యొక పరుగు. ఇట్లు తొమ్మిది విడతలు. అమెరికాలో పెద్ద జట్లు 30 గలవు. వానిలో నొకటి కెనడాదేశపు టొరాంటో నగరమున నున్నది. ఒక్కొక్క జట్టు మార్చి కడపటి నుండి సెప్టెంబరు తుది వఱకు 162 ఆటలాడును. అనగా నించుమించు దినదినము నాటయే. మనకు వంట యెట్టిదో వారి కది యట్టిది. నేడు కూర మాడినను రేపు మరల పొయ్యి వెలిగింపక తప్పదు. గొప్ప జట్లు సైతము సాధారణముగ నేటికి 60 ఆటల వఱకు నోడుచుండును. కావున నొక వారము, రెండు వారముల యోటమి జూచి గుండెలు బాదుకొనుట యీ యాటలో తగదు. అయినను బాదుకొనుచునే యుందురు.

జట్టునకు మేనేజరని యొకడుండును. మేనేజరనగనే మనకు కచేరీలో బల్లముందు గూర్చుండు నుద్యోగి తలపునకు వచ్చును. ఇత డట్టివాడు కాడు. మైదానపు టంచున క్రీడాకారులతో పాటు గూర్చుండి, వారి యుడుపులనే ధరించి యుండును. అఱువదియేండ్లు పైబడినవాడు సైతము కుఱ్ఱవాండ్రవలె నంకె వేసిన చొక్కా తొడిగికొనుట చూచువారికి నవ్వు పుట్టించును. ఎవ్వడు ముందు కొట్టవలెను, విసరువా డలసినపుడు వానిని దింపి యెవ్వని బంపవలెను, నేడెవ్వనికి విశ్రాంతి యీయవలెను, ఇవి యతని నిర్ణయములు. ఎవ్వరిని జట్టులో జేర్చుకొనవలెను, ఎవ్వరి కెంత జీతమీయవలె ననునది మాత్ర మతని చేతిలో లేదు. దానికి జనరల్ మేనేజరను నధికారి వేఱుగ నుండును, ఆతనిపై సొంతదారులు. సరకులు తెచ్చువా రొకరు, వండువా రొకరు. పప్పు పురుగుపట్టినదైనను తిట్లు తినునది వండినవారే గదా!

జట్టు వరుసగ నోడినచో ప్రేక్షకులు గోలపెట్టుదురు, పత్రికలు నిప్పులు గ్రక్కును. అప్పుడు సొంతదారు లేదియో యొకటి చేసినట్లు కనబడవలెను. జట్టులోని 26గురు క్రీడాకారులను ఒక్కమారుగ బంపుట సాధ్యము కాదు; వారిలో పెక్కండ్రకు బహువత్సరముల యొప్పందము లుండును. మేనేజ రొక్కడు. ఆతని జీతము గొప్ప క్రీడాకారుని జీతములో నల్పభాగము. అందుచేత నత్తమీది కోపము దుత్తమీద తీఱును.

అయితే, తొలగించుట యెల్లప్పుడు వ్యర్థమేనా? 2022లో ఫిలడెల్ఫియా నగరపు ఫిల్లీసు జట్టు సంగతి చూడుడు. జూన్ నెల మొదటనే వారు 22 ఆటలు గెలిచి 29 ఓడియుండిరి. మేనేజరు జో జిరార్డీ సామాన్యుడు కాడు. 2009లో న్యూయార్కు యాంకీసు జట్టును ప్రపంచ విజేతగ జేసినవాడు. జూన్ 3వ తేదీన నతనిని తొలగించి, అతని ప్రక్కనే సహాయకుడుగ గూర్చుండిన రాబ్ థామ్సనును తాత్కాలికముగ నియమించిరి. థామ్సను కెనడా దేశీయుడు. యాంకీసులో గూడ జిరార్డీ క్రింద బనిచేసినవాడు. ఆ యేటితో విశ్రాంతి దీసికొన దలచియుండెను. తన పెద్దను దింపిన పీటమీద తాను గూర్చుండుట యెంతటి సంకటమో యుమ్మడి కుటుంబములలో మెలగినవారికి జెప్ప నక్కఱలేదు. ఆతడు గూర్చుండగనే జట్టు వరుసగ 8 ఆటలు గెలిచెను. ఆతని చేతిమీదుగ మొత్తము 111 ఆటలలో 65 గెలిచి, ప్రపంచ శ్రేణి యని పిలువబడు నంతిమపు పోటీ దాక పోయి, అచ్చట హ్యూస్టను జట్టుచేత నోడెను.

అంతకన్న వింత 2003లో జరిగినది. ఫ్లోరిడా మార్లిన్సు జట్టువారు 16 గెలిచి 22 ఓడిన పిమ్మట, మే 11వ తేదీన జెఫ్ టోర్బర్గును బంపివేసి, జాక్ మెకీనను వానిని పిలిచిరి. ఆతనికి 72 ఏండ్లు. మనుమల నాడించుచు నింట గూర్చుండిన వయస్సు. ఆ యేడే వారు యాంకీసును నాలుగాటలకు రెండాటలతో నోడించి ప్రపంచ విజేతలైరి. నాటి పత్రికలు వృద్ధుని కీర్తించి కీర్తించి యలసినవి. కాని మఱి రెండు సంగతులు గూడ గలవు. డాంట్రెల్ విల్లీసను 21 ఏండ్ల విసరువాడు టోర్బర్గు పోవుటకు రెండు దినముల ముందే జట్టున నడుగిడెను. ఆ యేటి క్రొత్త క్రీడాకారులలో ను త్తమునిగ బహుమాన మందెను. మిగెల్ కబ్రేరా యను 20 ఏండ్ల వాడు జూన్ నెలలో వచ్చెను. తరువాతి కాలమున నతడు మేటి కొట్టువారిలో నొకడుగ లెక్కకు వచ్చెను. గెలుపు ముసలివాని హస్తవాసియా, కుఱ్ఱవాండ్ర చేతిచలువయా? రెండును గావచ్చును. వేఱుచేసి తూచు త్రాసు మాత్రము లేదు.

కోడలు వచ్చిన వేళ, గొడ్డు వచ్చిన వేళ యని మనవా రనుచుందురు. పిల్ల కాపురమునకు వచ్చిన నెలలో పంట పండినచో నామె లక్ష్మి; ఆ నెలలోనే మామగారు మంచమెక్కినచో నామె పాదము మంచిది కాదు. పంటకును, జ్వరమునకును ఆ పిల్ల యెంత కారణమో యెవ్వరును విచారింపరు. వేళను మాత్రమే చూతురు. అమెరికావారు మిగుల నాగరికులమని చెప్పుకొందురు గాని, మేనేజర్ల విషయమున వారు చేయునది యిదియే. జ్వరము మిక్కుటముగ నున్న రాత్రియే గదా తాయెత్తు గట్టుదురు! అంతకు మించి యెక్కుట కవకాశము తక్కువ, దిగవలసినది దిగును, కీర్తి తాయెత్తునకు దక్కును. జట్టు తన శక్తికంటె మిక్కిలి హీనముగ నాడుచున్న వేళనే మేనేజరును మార్చుదురు. మార్పకున్నను కొంత మేలుపడవలసిన కాల మది.

ఈ సంగతిని శాస్త్రజ్ఞులును విచారించిరి. 1963లో ఆస్కార్ గ్రస్కీ యను సమాజశాస్త్రజ్ఞుడు జట్ల లెక్కలు దీసి, మేనేజర్లను తఱచుగ మార్చు జట్లే తక్కువగ గెలుచుచున్నవని చూపెను. మార్చుటచేత చెడుచున్నవా, చెడుటచేత మార్చుచున్నారా యనునది చిక్కు. మఱుసటి యేట విలియం గామ్సన్, నార్మన్ స్కాచ్ అను నిరువురు మఱియొక మాట చెప్పిరి: మేనేజరును మార్చుటవలన లాభమును నష్టమును రెండును స్వల్పమే; అది యూరివారి కోపము చల్లార్చుటకై చేయు బలి వంటి తంతు. బలిపశువునకు దోషముండ వలయునను నియమము లేదు గదా.

ఈ కథలలో మమ్ము మిక్కిలి కలతపెట్టినది బాల్టిమోరు నగరపు ఓరియోల్సు జట్టు కథ. అచ్చటి మేనేజరు పెద్ద కాల్ రిప్కెను. (తండ్రి పేరే కొడుకునకు బెట్టు నాచార మచ్చట గలదు గనుక పెద్ద, చిన్న యనుచున్నాము.) అతడు ముప్పది యేండ్లు ఆ సంస్థనే నమ్ముకొని, దాని చిన్న జట్లలో కుఱ్ఱవాండ్రను తీర్చిదిద్దినవాడు. 1987లో నతనికి పెద్ద జట్టు మేనేజరు పదవి దక్కెను. కొడుకులు కాల్, బిల్లీ యిరువురు నా జట్టులోనే యాడుచుండిరి. తండ్రి మేనేజరుగ నిరువురు కొడుకు లొకే పెద్ద జట్టున నాడుట యంతకు మున్నెన్నడును జరుగలేదు. 1988 ఏప్రిలులో మొదటి 6 ఆటలు నోడగనే యజమానులు తండ్రిని తొలగించిరి. 162లో నాఱు! పెండ్లివారింట మొదటి బంతి లేవక ముందే వంటవానిని వెడలగొట్టినట్లున్నది. తండ్రిని బంపిన యజమానుల కొఱకే కొడుకు లిరువురును మఱుసటి యాటకు బరిలో దిగవలసివచ్చెను. ఆ రాత్రి యా యింట భోజనములవేళ నెట్టి మౌన ముండెనో తల్లులైనవా రూహింప గలరు.

క్రొత్తగ వచ్చిన ఫ్రాంక్ రాబిన్సను అల్పుడు కాడు. ఒకప్పుడు ఆ జట్టు వీరుడే. 1975లో క్లీవ్లండు జట్టునకు మేనేజరై, పెద్ద జట్లలో నా పదవి నందిన తొలి నల్లజాతీయు డయ్యెను. అట్టివాడు వచ్చినను జట్టు మఱి 15 ఆటలు వరుసగ నోడెను. సంవత్సరారంభమున 21 ఓటములు! తొలి గెలుపు ఏప్రిలు 29న గాని రాలేదు. తుదకు 54 గెలుపులు, 107 ఓటములు. మఱుసటి యేట అదే రాబిన్సను క్రింద 87 ఆటలు గెలిచిరి; కాని నడుమ యజమానులు పాతవారిలో పలువురను మార్చి లేత వయస్కులను దెచ్చియుండిరి. రాబిన్సను నాడు వేఱు, నేడు వేఱు కాలేదు; అతని చేతికిచ్చిన సరకులే మాఱినవి.

పెద్ద రిప్కె నేమయ్యెననిన, 1989లో నాతడు మూడవ మజిలీకడ నిలిచి పరుగెత్తువారికి సంజ్ఞలు చేయు శిక్షకుడుగ నదే జట్టునకు వచ్చి, 1992 వఱకు బనిచేసెను. తనను వెడలగొట్టిన వాకిట చిన్న పనికై మరల నడుగిడుట మానమునకు దక్కువ యని మాలో కొందఱు వాదించిరి. పనిమీది ప్రేమకు మాన మడ్డురాదని కొందఱు. చిన్నకొడుకు బిల్లీ మాత్రము తండ్రిని తొలగించినపుడు తన 3వ అంకె చొక్కా విడిచి, తండ్రి ధరించిన 7వ అంకె చొక్కా తొడిగికొనెను. నోటితో ననకుండ నన్నమాట యది.

ఓర్చుకొనినవారి సంగతియు జెప్పవలెను. 2019లో వాషింగ్టను నగరపు నేషనల్సు జట్టు మే 23వ తేదీకి 50 ఆటలలో 19 గెలిచి 31 ఓడెను. మేనేజరు డేవ్ మార్టినెజును నేడో రేపో తీసివేయుదురని యూరంతయు ననుకొనెను. జనరల్ మేనేజరు మైక్ రిజ్జో తీసివేయలేదు. ఓటములకు కారణము లతడెఱుగును. ట్రే టర్నరను మేటి యాటగానికి ఏప్రిలు మొదటనే వ్రేలు విఱిగెను. చివరి విడతలలో బంతి విసరువారు మిగుల బలహీనులు. వ్రేలు కుదిరినది, ఆటలు కుదిరినవి. నడుమ నొక ముచ్చట: హెరార్డో పారా యను క్రీడాకారుడు కొట్టుట చేతగాక విసిగి, తాను బరిలోనికి వచ్చునపుడు మ్రోగించు పాటను మార్చి, తన రెండేండ్ల కూతునకు బ్రియమైన బేబీ షార్కను పిల్లల పాటను బెట్టించెను. అంతట మైదానమంతయు జేతులు జాపి, చేప నోరువలె నాడించుట మొదలుపెట్టెను. నేటి మన యిండ్లలో నా పాట బాధ పడనివా రరుదు. పెద్దమనుషులు వేలసంఖ్యలో నట్లు చేయుచుండ జూచుట వినోదమే. సెప్టెంబరులో మార్టినెజునకు గుండెనొప్పి వచ్చి చికిత్స జరిగెను. కొలది దినములలోనే తిరిగి వచ్చెను. అక్టోబరులో నేషనల్సు హ్యూస్టనును నోడించి ప్రపంచ విజేతలైరి. మే నెలలో గోల పెట్టినవారే యూరేగింపున మొదటి వరుసల నుండియుందురు.

ఆ విజయము పిమ్మట ఆ జట్టున కొక్క మంచి సంవత్సరమైనను రాలేదు. 2025 జూలై 6వ తేదీన మార్టినెజును తొలగించిరి. ఆ దినముననే రిజ్జోను గూడ తొలగించిరి. ఇందు మాకు గొంత న్యాయము కనబడుచున్నది: సరకులు తెచ్చినవానిని వదలి వండినవానిని మాత్రము దండింపలేదు. అదే యేట కొలరాడో రాకీసు జట్టున జరిగినది వేఱు. 7 గెలుపులు, 33 ఓటములైన పిమ్మట, మే 11న, అంతకు ముందునాడు సున్నకు 21 పరుగులతో నోడి ఆ నాడు గెలిచియు, బడ్ బ్లాకను మేనేజరును బంపిరి. వెనుక వచ్చినవాడు 36 గెలిచి 86 ఓడెను. ఎముకలు లేని చేయికి గాజులు మార్చిన నేమి?

మేనేజరును మార్చనే మార్చకున్న నేమగునో, అసలు మేనేజరే లేకున్న నేమగునో గూడ అమెరికావారు చూచిరి. కానీ మాక్ అను నతడు ఫిలడెల్ఫియా అథ్లెటిక్సు జట్టును 1901 మొదలు 1950 వఱకు నేబదియేండ్లు నడపెను. తానే భాగస్వామి గనుక తొలగించువారు లేరు. ఈతడు అంకెల చొక్కా తొడుగక కోటు, టోపీతోనే కూర్చుండెడివాడు. 5 మార్లు ప్రపంచ విజేతయు నయ్యెను. 17 మార్లు కట్టకడపటను నిలిచెను. మొత్తము గెలుపులు 3,731, ఓటములు 3,948. మనిషి యొక్కడే, డబ్బున్నపుడు మంచి యాటగాండ్రు, లేనపుడు వారి నమ్ముకొనుట, అంతయే భేదము. షికాగో కబ్సు యజమాని, చ్యూయింగు గమ్ము వర్తకుడు ఫిలిప్ రిగ్లీ 1961లో మేనేజరే వలదని, శిక్షకుల కూటమి నొకదాని నేర్పఱచి వంతులవారిగ బెత్తన మిచ్చెను. ఆ యేట 90 ఆటలు, మఱుసటి యేట 103 ఆటలు నోడిరి. ఇంటికి నలుగురు పెత్తనదార్లయిన కూరలో నుప్పు నాలుగు మార్లు పడును.

మా యభిప్రాయ మేమనిన, ఓటముల లెక్క నొక్కదానిని జూచి నడిసంవత్సరమున మేనేజరును తొలగించుట న్యాయము కాదు, వివేకమును గాదు. చూడవలసినది వేఱు. క్రీడాకారు లతని మాట వినుచున్నారా? అలసిన విసరువానిచేత బలవంతముగ విసరించి చేయి పాడుచేయుచున్నాడా? పిల్లవానిని పదుగురియెదుట నవమానించుచున్నాడా? ఇట్టివాడు గెలుచుచున్నను దింపవలసినదే. వినుచుండి, పాటుపడుచుండి, శక్తి చాలక యోడుచున్న జట్టునకు మేనేజరు మార్పు మందు గాదు. ఫిలడెల్ఫియాలో బనికివచ్చినదను మాట నిజమే. అచ్చట శక్తి గల క్రీడాకారు లప్పటికే యుండిరి. మఱి యొక సంగతి. తొలగింపబడిన మేనేజరునకు మిగిలిన యొప్పందకాలపు జీతము సాధారణముగ ముట్టును. వెండి గిన్నె కనబడలేదని నిలుచున్న పాటున మనము మానిపించు పనిమనిషికి మిగిలిన నెల జీతమైన నిచ్చువా రెందఱు? గిన్నె యటకమీద దొరకిన తరువాత పిలిచి క్షమాపణ చెప్పువా రెందఱు?

ఇక నీ పీటమీద స్త్రీలు గూర్చుండిరా యని చదువరు లడుగవచ్చును. పైని జెప్పిన రిగ్లీయే 1943లో స్త్రీల బేసుబాలు జట్లను నెలకొల్పెను. ఆడువారు స్త్రీలైనను మేనేజర్లు పురుషులే. 1950లో మేరీ బేకరను క్రీడాకారిణి కలమజూ జట్టునకు మేనేజరుగ బనిచేసెను. పిదప స్త్రీలు మేనేజర్లు గారాదని యా సంఘపు పెద్దలు కట్టడి చేసిరి. 2022లో రేచెల్ బాల్కొవెక్ అను నామె యాంకీసు వారి చిన్న జట్లలో నొకటియైన టాంపా జట్టునకు మేనేజ రయ్యెను. పెద్ద జట్లలో మేనేజరును నియమించు నధికారమే యొక స్త్రీ చేతికి వచ్చినది 2020 నవంబరులో. చీనా సంతతికి జెందిన కిమ్ ఆంగ్ మయామీ మార్లిన్సునకు జనరల్ మేనేజ రయ్యెను. 2022 కడపట పాత మేనేజరు ఒప్పందము ముగిసి వెడలగా, అంతకు ముందెన్నడు నే జట్టును నడపని స్కిప్ షూమేకరును ఆమె యేఱి నియమించెను. 2023లో జట్టు 84 ఆటలు గెలిచి తుదిపోటీల కెక్కెను. షూమేకరున కా యేటి యుత్తమ మేనేజరు బహుమానము వచ్చెను. ఆ శరత్కాలముననే యజమాని యామెపై మఱియొక యధికారిని నియమింప దలంపగా, కిమ్ ఆంగ్ పదవి వదలి వెడలిపోయెను. మఱుసటి యేట మార్లిన్సు 100 ఆట లోడిరి, షూమేకరును వెళ్లిపోయెను.